తల్లిని అడిగితిమా?

చదువవలసిన వాక్యభాగములు: లూకా 1:26–38, 2 సమూయేలు 12:15–24, యోహాను 9:1–3



ఈ మాసపు పాఠము సంఘములో బహిరంగముగా మాటలాడుకొనని ఒక సంగతిని గూర్చినది. గర్భములోనున్న శిశువునకు గొప్ప లోపమున్నదనియు, పుట్టినను బ్రదుకదనియు డాక్టరు చెప్పినయెడల ఆ మాట తల్లికి ఎవరు చెప్పవలెను? తీర్మానము ఎవరు చేయవలెను? సంఘము ఆ ఇంటికి ఏమై యుండవలెను?

పూర్వము మన పల్లెలలో శిశువు పుట్టువరకు లోపము ఎవరికిని తెలియకయుండెను. ఇప్పుడట్లు కాదు. అయిదవ నెలలో “టిఫా” అని జనులు పిలుచు స్కాను తీయుచున్నారు. 2022లో మన రాష్ట్రపు ప్రభుత్వాసుపత్రులలో కూడ ఆ యంత్రములను ఉంచిరి. కావున బోయినపల్లి మండలములో బీడీలు చుట్టు తల్లికిని, సిరిసిల్లలో మరమగ్గము నడుపువాని భార్యకును ముందుగానే వర్తమానము వచ్చుచున్నది.

వర్తమానము వచ్చుచున్నది గాని, అది ఎవరి చేతికి వచ్చుచున్నది? కాగితమును భర్త తీసికొనును. మామగారు డాక్టరుతో వరండాలో నిలిచి మాటలాడును. గర్భవతి బల్లమీద కూర్చుండియుండును. సాయంకాలమునకు పెద్దలు ఒక తీర్మానమునకు వత్తురు. ఆమెతో “ఇక్కడ సంతకము పెట్టుమమ్మా” అందురు. మరికొన్ని ఇండ్లలో దీనికి భిన్నముగా జరుగును. ఆమెకు ఒక్క మాటయైనను చెప్పరు. తొమ్మిది నెలలు చిన్న చిన్న అంగీలు కుట్టుకొని, నొప్పుల గదిలోనే ఆమె సత్యము తెలిసికొనును. ఈ రెండును ప్రేమ పేరిట జరుగుచున్నవే. అయినను రెండింటిలోను తల్లిని అడిగినవారు లేరు.

1. దేవుడు తెలియజేసిన తల్లి

లూకా సువార్త మొదటి అధ్యాయమును నెమ్మదిగా చదువుడి. దేవుని దూత నజరేతునకు వచ్చినప్పుడు ఎవరియొద్దకు వచ్చెను? మరియ తండ్రి యొద్దకు కాదు, ఊరి పెద్దల యొద్దకు కాదు. యోసేపునకు ఆ సంగతి తరువాతనే తెలిసెను (మత్తయి 1:20). గర్భము ధరింపవలసినది ఆమె గనుక వర్తమానము మొదట ఆమెకే వచ్చెను.

ఆ సంభాషణలోని క్రమమును గమనింపుడి. దూత ముందుగా ఆమె భయమును చూచి ధైర్యము చెప్పెను. పిమ్మట జరుగబోవు దానిని దాచక వివరించెను. ఆమె ఒక ప్రశ్న వేసెను. దూత ఆమెను గద్దింపలేదు. ఆమెకు అర్థమగునట్లు ఉత్తరమిచ్చెను. అంతేగాక ఎలీసబెతు సంగతి చెప్పి, ఆమెకు తోడుగా నుండదగిన ఒక స్త్రీని చూపెను. ఇవన్నియు ముగిసిన తరువాతనే మరియ తన్ను తాను ప్రభువునకు అప్పగించుకొనెను. ఆ మాట విన్న పిమ్మటనే దూత వెళ్లిపోయెను.

మరియ పొందిన కృప వేరెవరికిని కలుగలేదు. ఈ భాగమునుండి ఆసుపత్రి నియమములు తీయవలెనని మేము చెప్పుట లేదు. అయితే సర్వశక్తిగల దేవుడే ఒక బీద కన్యక మాట కొరకు కనిపెట్టెనని ఇక్కడ చూచుచున్నాము. ధైర్యము, సత్యము, ప్రశ్నకు చోటు, తోడు, అటుతరువాత సమ్మతి: ఇది ఆయన క్రమము. ఆయన కనిపెట్టగా మనము తొందరపడుట తగునా?

2. మన దేశపు చట్టము ఏమి చెప్పుచున్నది?

1860నాటి శిక్షాస్మృతి ప్రకారము, తల్లి ప్రాణము కాపాడుటకు తప్ప గర్భము తీయుట నేరమై యుండెను. అందుచేత అనేకులు చాటుమాటుగా నాటుమందులకును, అనుభవములేని చేతులకును లోబడి చనిపోవుచుండిరి. 1964లో ప్రభుత్వము శాంతిలాల్ షా అధ్యక్షతను ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము 1966లో నివేదిక నిచ్చెను. 1971లో పార్లమెంటు వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టమును చేసెను. అది 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. 2021లో దానిని సవరించిరి.

ఇప్పుడున్న క్రమమిది. 20 వారములవరకు అర్హతగల ఒక డాక్టరు అభిప్రాయము కావలెను. 20 నుండి 24 వారములవరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయము కావలెను. అదియు నియమములలో చెప్పబడిన కొందరు స్త్రీలకు మాత్రమే, అనగా బలాత్కారమునకు గురియైనవారు, మైనరు బాలికలు, గర్భముతో నుండగా విధవరాండ్రైనవారు మొదలైనవారికి. 24 వారములు దాటినయెడల, శిశువునకు గొప్ప లోపమున్నదని వైద్య మండలి నిర్ణయించినప్పుడు చట్టము అనుమతించును. ఆ మండలిలో స్త్రీల వైద్యులు, పిల్లల వైద్యులు, స్కాను నిపుణులు ఉందురు. మండలి 3 దినములలో తన అభిప్రాయము చెప్పవలెను. తగిన సలహాతోనే ఆ పని జరుగునట్లు చూచుటయు మండలి విధియైయున్నది. తల్లి ప్రాణమును కాపాడుటకు వెంటనే చేయవలసివచ్చినప్పుడు ఈ వారముల లెక్క అడ్డురాదు.

ఇక సమ్మతి మాట. పదునెనిమిదేండ్లు నిండి, స్వస్థచిత్తముగల స్త్రీ విషయములో ఆమె సమ్మతి ఒక్కటే చట్టము అడుగుచున్నది. భర్త సంతకము అడుగదు. అత్తమామల సంతకము అడుగదు. మైనరు బాలికకును, మానసిక రోగముతో నున్న స్త్రీకిని మాత్రము సంరక్షకుల వ్రాతపూర్వకమైన సమ్మతి కావలెను. స్త్రీ సమ్మతి లేకుండ గర్భము పోగొట్టుట ఘోరమైన నేరము. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 89వ సెక్షను ప్రకారము దానికి యావజ్జీవ శిక్షయైనను, పది సంవత్సరములవరకు కారాగారమైనను విధింపవచ్చును. పాత శిక్షాస్మృతి 313వ సెక్షనులోను ఆ శిక్షయే యుండెను. “మా ఇంటి సంగతి మాకు తెలియును” అను పెద్దలు ఈ మాటను మనసున ఉంచుకొనవలెను.

సంతకము పెట్టించినంత మాత్రమున సమ్మతి కాదు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఒక తీర్పు నిచ్చెను. ఢిల్లీలో ఒక స్త్రీ పరీక్ష కొరకు మత్తులో నుండగా, బయటనున్న ఆమె తల్లి అనుమతి తీసికొని పెద్ద ఆపరేషను చేసిరి. తెలివిగల స్త్రీకి బదులుగా, ప్రాణాపాయము లేనప్పుడు, కన్నతల్లియైనను సమ్మతి ఇయ్యజాలదని కోర్టు చెప్పెను. చేయబోవు చికిత్స ఏమి, దాని లాభమేమి, అపాయమేమి, వేరే మార్గములు కలవా, చేయింపకున్న ఏమగును అను సంగతులను రోగికి తెలిపిన తరువాతనే సమ్మతి చెల్లునని వివరించెను. “వేరే మార్గములు కలవా” అను మాటను గుర్తుంచుకొనుడి. మన పాఠము దానిమీదనే నడచును.

ఆడపిల్లయని గర్భము తీయించుట సంపూర్ణముగా వేరు సంగతి. 1994నాటి చట్టము ప్రకారము గర్భములోని శిశువు ఆడదో మగదో తెలిసికొనుటయు, తెలుపుటయు నేరము. స్త్రీని భర్తయు బంధువులును బలవంతపెట్టిరనియే, వేరు రుజువు లేనంతవరకు, ఆ చట్టము తలంచుచున్నది. చట్టము చేసినవారు మన ఇండ్లను ఎంత చక్కగా ఎరిగియుండిరో చూడుడి!

3. చట్టము చేయగలిగినది, చేయలేనిది

అమెరికా దేశములో కొన్ని రాష్ట్రములు ఇంకొక అడుగు వేసినవి. 2006లో మిన్నెసోటా రాష్ట్రము ఒక చట్టము చేసెను. గర్భములోని శిశువు బ్రదుకని స్థితిలో నున్నదని తెలిసినప్పుడు, గర్భవిచ్ఛిత్తికి ముందు, అట్టి శిశువుల నిమిత్తమైన ఉపశమన సేవ యొకటి కలదని తల్లికి తెలుపవలెనని దాని భావము. 2016లో ఇండియానా రాష్ట్రమును అట్టి నియమమును చేసెను. తల్లికి రెండు ద్వారములున్నప్పుడు ఒక్కటే చూపి సంతకము అడుగుట న్యాయము కాదని ఈ చట్టములను కోరినవారు చెప్పిరి. వీటిని వ్యతిరేకించినవారు, డాక్టరు నోట ప్రభుత్వము మాటలు పెట్టకూడదనియు, దుఃఖములోనున్న స్త్రీని ఆ మాటలు ఇంకను నలుగగొట్టుననియు చెప్పిరి. 2023లో మిన్నెసోటా శాసనసభ తన చట్టమును రద్దుచేసెను.

మన చట్టములో “తగిన సలహా” అని యున్నదే గాని, ఉపశమన సేవను గూర్చి తెలుపవలెనని ప్రత్యేకముగా లేదు. ఈ విషయములో చట్టము రావలెనా వద్దా అని దేశమందలి పెద్దలు తర్కింపవచ్చును. సంఘమునకు మాత్రము ఒక సంగతి స్పష్టము. ఒక మాట చెప్పుమని చట్టము డాక్టరును ఆజ్ఞాపింపగలదు. రాత్రి రెండు గంటలకు ఆ తల్లి ప్రక్కన కూర్చుండుమని ఎవరినైనను ఆజ్ఞాపింపగలదా? అది పొరుగువారి పని, అనగా మన పని.

4. దావీదు ఇంటిలో ఏడు దినములు

బ్రదుకని శిశువునకు సేవ ఏమి అని కొందరు అడుగుదురు. 2 సమూయేలు 12వ అధ్యాయము చూడుడి. దావీదు బిడ్డ ఏడు దినములు జబ్బుగా నుండెను. ఆ దినములలో తండ్రి నేలపై పడియుండి ఉపవాసముతో ప్రార్థించెను. బిడ్డ చనిపోయినప్పుడు సేవకులు ఆ మాట చెప్పుటకు భయపడిరి. విన్నయెడల తనకు తాను ఏమి హాని చేసికొనునో అని తలంచిరి. మన ఇండ్లలో నేడు వినబడు మాటయు ఇదియే: “దానికి చెప్పవద్దు, తట్టుకొనలేదు.” అయితే వారి గుసగుసలనుబట్టియే దావీదు గ్రహించెను. సూటిగా అడిగెను, వారు సూటిగా చెప్పిరి. అప్పుడతడు కూలిపోలేదు. లేచి స్నానముచేసి, దేవుని మందిరములోనికి వెళ్లి ఆరాధించి, ఇంటికి వచ్చి భోజనము చేసెను. పిమ్మట తన భార్యయైన బత్షెబను ఓదార్చెను. సత్యము అతనిని చంపలేదు. లేచుటకు అతనికి నేలనిచ్చెను. గుసగుసలు మాత్రము ఎవరిని ఓదార్చెను?

ఉపశమన సేవ యనగా ఆ ఏడు దినములవంటిది. వ్యాధిని పోగొట్టలేనప్పుడు నొప్పిని తగ్గించి, మనిషిని ఒంటరిగా విడువకుండుటయే దాని సారము. సిసిలీ సాండర్సు అను క్రైస్తవ వైద్యురాలు 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రయమును తెరచి ఈ సేవకు క్రొత్త దారి చూపెను. మన దేశములో మొదటి ఆశ్రయమైన శాంతి ఆవేదనా సదనము 1986లో ముంబయిలో ప్రారంభమాయెను. హైదరాబాదులో స్పర్శ్ హాస్పిస్ కలదు. శిశువుల విషయములో ఈ సేవ చేయునది ఇంతే: పుట్టిన బిడ్డను వెచ్చగా చుట్టుదురు. నొప్పి తెలియకుండ మందు ఇత్తురు. ప్రయోజనము లేని గొట్టములు, సూదులు పెట్టరు. తల్లి రొమ్మున పరుండబెట్టుదురు. తండ్రి పేరు పెట్టును. కాపరి ప్రార్థించును. అది గడియయైనను దినమైనను, ఆ బిడ్డ జీవితమంతయు ప్రేమింపబడుచునే గడచును.

రాహేలు ప్రసవవేదనలో మరణించుచు తన కుమారునికి పేరు పెట్టెను. యాకోబు ఆమె సమాధిమీద స్తంభము నిలిపెను (ఆదికాండము 35:16–20). పేరును, గురుతును దుఃఖపడువారికి ఎంత అవసరమో పితరులు ఎరుగుదురు. మనమైతే చనిపోయి పుట్టిన బిడ్డను గుడ్డలో చుట్టి, తల్లికి చూపకయే, సందెచీకటిలో పొలము గట్టున పాతిపెట్టి వచ్చుచున్నాము. “మరచిపో, మరల కలుగును” అని చెప్పుచున్నాము. ఆమె మరచిపోదు.

కీర్తన 139 ప్రకారము గర్భములోని బిడ్డ దేవుని చేతిపనియని మనము నమ్ముచున్నాము. కావున పేదరికమనియు, ఆడపిల్లయనియు, లోకలజ్జయనియు బిడ్డను తీసివేయుట మనకు తగదు. అయినను బ్రదుకలేని బిడ్డను మోయు తల్లి ఏమి చేయవలెనను విషయములో భక్తిగల వైద్యులును కాపరులును అందరు ఒకే మాట చెప్పుట లేదు. మేము ఈ పుటలలో న్యాయపీఠముమీద కూర్చుండలేదు. మేము చెప్పునది ఒక్కటి: కడవరకు మోయగోరు తల్లికి అట్టి దారి కలదని ఎవరును చెప్పకయుండుట పాపము, మోయలేనని ఏడ్చు తల్లిని సంఘమునుండి వెలివేసినట్లు చూచుటయు పాపమే.

5. పాపము చేసినదెవరు?

శిష్యులు పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇతడు పాపము చేసెనా, కన్నవారా అని అడిగిరి. ప్రభువు వారి ప్రశ్ననే త్రోసివేసెను. కొందరు దావీదు బిడ్డ సంగతిని తీసి, “చూచితివా, తండ్రి పాపమే గదా” అందురు. నాతాను ప్రవక్త ఆ ఒక్క రాజునకు దేవుని మాట తెచ్చెను. మనకు అట్టి వర్తమానము ఎవరు అప్పగించిరి? మన చేతిలో నున్నది యోహాను 9వ అధ్యాయము.

వైద్యులు చెప్పునది వినుడి. గ్రహణమునాడు కూరగాయలు తరిగినందున శిశువునకు లోపము కలుగదు. అత్త శాపముచేతను కలుగదు. గర్భము నిలిచిన మొదటి నెలలోనే తలయు వెన్నును ఏర్పడును. అవి సరిగా మూతపడనియెడల కొన్ని ఘోరమైన లోపములు కలుగును. ఫోలిక్ ఆమ్లమను విటమిను ముందుగా పుచ్చుకొనినయెడల అట్టి లోపములు చాలవరకు తగ్గునని 1991లో ప్రకటింపబడిన గొప్ప పరిశోధన చూపెను. బిడ్డ కావలెనని కోరినప్పటినుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల మాత్ర వాడవలెనని డాక్టర్లు చెప్పుదురు. పూర్వము అట్టి బిడ్డ కలిగిన తల్లికి ఇంకను ఎక్కువ మోతాదు కావలెను గనుక డాక్టరును అడుగవలెను. నిందకంటె మాత్ర మేలు గదా!

6. సంఘము చేయవలసినవి

వేలూరు వైద్యశాల సంగతి మీరు వినియుందురు. ఒక రాత్రి మూడు ఇండ్ల పురుషులు తమ భార్యల ప్రసవకష్టమునకు సహాయము కోరి మిషను బంగళాకు వచ్చిరి. డాక్టరు పురుషుడని తెలిసి అతనిని తీసికొనిపోనొల్లరైరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ ముగ్గురిలో ఎవరికైనను, “అమ్మా, నీకేమి కావలెను?” అని అడిగినవారున్నట్లు ఆ కథలో లేదు. డాక్టరు కుమార్తెయైన ఐడా స్కడ్డరు ఆ రాత్రిని మరువక, వైద్యవిద్య నేర్చి, 1900లో వేలూరులో పని మొదలుపెట్టి, 1918లో స్త్రీల కొరకు వైద్యపాఠశాల తెరచెను. ఒకరు వినిన చోట అంత ఫలము కలిగెను. మనము చేయగలవి చిన్నవి, చేయుదము.

మొదటిది: ఆసుపత్రికి వెళ్లునప్పుడు గర్భవతి డాక్టరు ఎదుట తానే కూర్చుండవలెను. భర్త ప్రక్కన నుండవలెను గాని ముందు నుండకూడదు. చదువురాని తల్లికి కాగితమును తెలుగులో చదివి చెప్పించుటకు బైబిలు స్త్రీగాని ఆశా కార్యకర్తగాని తోడు వెళ్లవచ్చును.

రెండవది: నాలుగు ప్రశ్నలు నేర్చుకొనుడి. లోపమేమి, అది నిశ్చయమా? నాకు అపాయమేమి? గర్భము తీసినను మోసినను ఏమి జరుగును? మోసినయెడల బిడ్డకు నొప్పి లేకుండ చూచువారు ఎక్కడ కలరు?

మూడవది: మందుల దుకాణములో మాత్రలు కొని ఇంటిలో మ్రింగకుడి. రక్తము ఆగక ప్రాణము పోవచ్చును. అట్టి అపాయమున వెంటనే 108కి ఫోను చేయుడి.

నాల్గవది: నోటిని కాచుకొనుడి. గర్భవిచ్ఛిత్తి చేయించుకొనిన స్త్రీ పేరు బయటపెట్టిన వైద్యునికి ఒక సంవత్సరమువరకు కారాగారము కలుగవచ్చునని 2021 సవరణ చెప్పుచున్నది. డాక్టరు దాచవలసిన సంగతిని మనము “ప్రార్థన అంశము” అని ఆరాధనలో పేరుతో చదువవచ్చునా?

అయిదవది: బిడ్డ చనిపోయి పుట్టినను, పుట్టి చనిపోయినను, తల్లి కోరినయెడల ఆమెకు చూపుడి. పేరు పెట్టనియ్యుడి. కాపరి సమాధియొద్ద ప్రార్థన చేయవలెను. బాప్తిస్మము విషయము కాపరితో ముందుగానే మాటలాడుకొనవలెను. చనిపోయి పుట్టిన బిడ్డను కూడ 1969నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము 21 దినములలో వ్రాయించవలెను. ప్రభుత్వపు పుస్తకములోనే చోటున్న బిడ్డకు సంఘములో చోటు లేకుండునా?

ఆరవది: స్త్రీని బలవంతపెట్టుచున్నారని తెలిసినయెడల ఊరకుండకుడి. స్త్రీలకు ఆదాయముతో పనిలేక ఉచిత న్యాయసహాయము 1987నాటి చట్టము ఇచ్చుచున్నది. 15100కు ఫోను చేయవచ్చును. నోరులేనివారి పక్షమున నోరు తెరువవలెనని సామెతలు 31వ అధ్యాయము మనకు నేర్పుచున్నది.

ఏడవది: యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక ప్రక్కన కూర్చుండిరి. వారు చేసిన మేలైన పని అదియే. నోరు తెరచిన తరువాతనే తప్పిరి. స్త్రీల సమాజమువారు వంతులవారీగా అన్నము వండి తీసికొనిపోయి, బీడీల పని అందుకొని, ఊరకయే కూర్చుండుడి.

కూటములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. దూత మరియతో మాటలాడిన క్రమములో మన ఇండ్లలో లోపించినదేది?
2. సేవకులు దావీదునకు చెప్పుటకు ఎందుకు భయపడిరి? మనము ఎవరికి ఏమి దాచుచున్నాము?
3. మన గ్రామములో బిడ్డను పోగొట్టుకొనిన తల్లులెవరు? వారిని పేరెత్తక మనసున తలంచుకొని, ఈ వారము ఎవరి ఇంటికి వెళ్లుదుమో నిశ్చయించుకొనుడి.

ప్రార్థన

గర్భములలో మమ్మును ఎరిగిన తండ్రీ, కొద్ది గడియలే బ్రదికిన పిల్లలును నీ చేతిలోనే యున్నారని నమ్ముచున్నాము. కష్టమైన వర్తమానము విను తల్లులకు ధైర్యమిమ్ము. చెప్పవలసిన డాక్టర్లకు మృదువైన నోరిమ్ము. భర్తలకు ఓపికయు, పెద్దలకు వినయమును దయచేయుము. మేము తీర్పు తీర్చకుండ మా నోటికి కావలియుంచి, సేవ చేయుటకు మా కాళ్లను త్వరపరచుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.